ఆమెన్ అనగానే ఆరిపోయే తెర

కంప్యూటర్ రిపేరు నేర్చుకుంటామని పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ స్క్రూడ్రైవర్ సెట్ కొనాలి అని అడుగుతారు. అవి చెప్పడానికి నేనే అక్కర్లేదు. కోర్సుల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఈ పనిలో సగం ఇతరుల ఇళ్ళలో జరుగుతుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, వాళ్ళ మంచానికీ బీరువాకీ మధ్య నేలమీద కూర్చుని స్క్రూలు విప్పుతాం. ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, ఎవరు దేనికి భయపడుతున్నారో మనకు ముందే తెలిసిపోతుంది. మిషన్‌కి ఏమైందో ఆ తర్వాత తెలుస్తుంది.

హన్మకొండలో ఒక సర్వీస్ షాపులో నేను చేరినప్పుడు అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. తలుపు తీసినవాళ్ళు నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసేవాళ్ళు. "ఇంజనీర్ రాలేదా మేడం?" అని అడిగేవాళ్ళు. "వచ్చింది, జర జరుగుండ్రి" అని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అదే షాపులో పనిచేసి అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు, ఎందుకంటే ప్రమోషన్లు లేవు. మట్టెవాడలోని ఒక ఇంటి గురించి మాత్రం రాయాలని చాలా రోజులుగా ఉంది.

కొత్త మిషన్, నల్లని తెర

ముందు పని సంగతి కొంచెం చెప్పాలి. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్లలో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటే: అంతా నడుస్తోంది, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, లోపల దీపాలు వెలుగుతుంటాయి. కళ్ళు తెరిచి పడుకుని పిలిస్తే పలకని మనిషిలా ఉంటుంది ఆ పెట్టె. చాలాసార్లు కారణం చాలా చిన్నది. మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి పెట్టకుండా పక్కనున్న బోర్డు సాకెట్‌లో పెట్టి ఉంటారు. లేదా ర్యామ్ పూర్తిగా కూర్చుని ఉండదు. లేదా కార్డుకి విడిగా ఇవ్వాల్సిన కరెంటు వైరు మర్చిపోయి ఉంటారు. ఇలాంటివి పది నిమిషాల పని. టీ వచ్చేలోపే అయిపోతుంది.

కష్టమంతా అప్పుడప్పుడు వచ్చి పోయే లోపంతోనే. మనం చూస్తుంటే రాదు. మనం గేటు దాటగానే వస్తుంది. అలాంటి వాటికి మా ఓనర్ దగ్గర ఒకటే మందు: "పార్టులు మార్చుకుంట పో. ఎక్కడ మంచిగైతే అక్కడ ఆగు." ఆయన మంచి వ్యాపారి. ఇంట్లో పెళ్ళి ఉందంటే అడక్కుండానే సెలవిచ్చేవాడు. కానీ మంచి రిపేరు మనిషి కాడని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. లోపం ఎప్పుడు వస్తుందో అడగకుండా పార్టు మార్చడం చీకట్లో చెయ్యి ఆడించినట్టే ఉంటుంది.

గ్రేస్ ఫోన్

మట్టెవాడలో దేవదానం అని ఒకాయన ఉండేవాడు. ఇంటి ముందు గదిలోనే పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాడు. మేడారం జాతర వస్తోందంటే ఆయనకు నిద్ర ఉండేది కాదు. ఆయన పాత కంప్యూటర్‌ని చాలా ఏళ్ళు నేనే బాగుచేశాను. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన భార్య ఎస్తేరమ్మ, ఒక్కతే కూతురు గ్రేస్. నేను రిటైరవడానికి ముందు ఏడాది వానాకాలంలో ఆయన జబ్బుపడి దవాఖానాలో పోయాడు. ఆ తర్వాత పాత కంప్యూటర్ కూడా పనిచేయడం మానేసింది.

చలికాలంలో గ్రేస్ ఫోన్ చేసింది. నాయన పని తానే చేస్తానని, వీడియోలు చూసి పార్టులు తెప్పించుకుని కొత్త కంప్యూటర్ సొంతంగా బిగించుకుందట.

"మంచిగనే ఆన్ అయింది ఆంటీ. కని తెర పోతాంది. జరసేపు నల్లగైతది, మళ్ళ దానంతటదే వస్తాంది."

"ఎప్పుడెప్పుడు పోతాంది?"

"మీరు వస్తె చెప్త" అంది.

మధ్యాహ్నం వెళ్ళాను. ముందు గదిలో ఏదీ మారలేదు. అదే బల్ల, దాని ముందు దేవదానం కూర్చునే చక్రాల కుర్చీ. ఆయన ఒళ్ళు ఆని ఆని దాని వీపు ఒకవైపు కొంచెం నలిగిపోయింది. బల్లకి ఎదురుగా గోడమీద ఇప్పుడు ఆయన ఫోటో, దాని కింద వెలుగుతున్న చిన్న ఎర్ర బల్బు. బల్ల ముందు కూర్చుంటే ఆయన వెనకనుంచి మన తల మీదుగా తెరవైపు చూస్తున్నట్టే ఉంటుంది.

గ్రేస్ నన్ను వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దుగాల అమ్మ నాయిన కుర్చీల కూసొని ప్రార్థన చేస్తది. నేను పక్కపొంటి స్టూలు మీద కూసొని పని చేసుకుంట. అమ్మ ఆమెన్ అంటది. అనంగనే తెర పోతది."

"రోజూనా?"

"రోజు. ఒక్కరోజు గూడ తప్పలే."

"ఇంకెప్పుడన్న పోతదా?"

"నేను కుర్చీల కూసొని పని చేస్తాంటె ఫోన్ వస్తది. ఎవరన్న కార్డు ఆర్డర్ ఇస్తానని చేస్తరు. లోపల సిగ్నల్ రాదని బయటికి వస్త. వెనుకకు తిరిగి చూస్తె తెర నల్లగుంటది. ఆర్డర్ వస్తెనే పోతాంది ఆంటీ." ఆ పిల్ల ఒకసారి లోపలివైపు చూసింది. "నేను ఈ పని చేసుడు నాయినకు ఇష్టం లేదంటాంది అమ్మ."

ఇలాంటి మాట విన్నప్పుడు కొత్తవాళ్ళు నవ్వేస్తారు. నవ్వకూడదు. భయపడిన మనిషి చాలా శ్రద్ధగా గమనిస్తాడు. దానికి తాను చెప్పుకునే అర్థం తప్పు కావచ్చు, చూసింది మాత్రం తప్పు కాదు. ఆమెన్ అనగానే తెర పోతోందంటే, పోతోందనే రాసుకోవాలి.

నల్లటి తెరలో కనిపించినవి

స్టూలు లాక్కుని కూర్చుని పని మొదలుపెట్టాను. కేబుళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టాను, ర్యామ్ తీసి తుడిచి బిగించాను, కార్డుకి కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూశాను. ఆ పిల్ల చాలా పద్ధతిగా బిగించింది, వంక పెట్టడానికేమీ లేదు. గ్రేస్ కిరాణా కొట్టుకి వెళ్ళింది. ఎస్తేరమ్మ నా వెనక ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. గంట దాటినా తెర నిలకడగానే వెలుగుతోంది.

"నువ్వు చూస్తాంటె పోదు చెల్లె" అంది ఎస్తేరమ్మ వెనకనుంచి. "పరాయివాళ్ళ ముందట ఆయన ఎన్నడు ఏమనకపోవు."

"మిషన్‌ల ఏదో ఉంటదక్కా. దొరుకుతది."

"ఆయన దవాఖానల నాతోటి చెప్పిండు. బిడ్డను ఈ పనిల దించకుమన్నడు. నేనే వద్దని గట్టిగ చెప్పలేకపోయిన. అందుకని ఆయనే చెప్తాండు." ఆ తర్వాత, "చాయ్ పెడుత" అంది.

తెర ఆరిపోయింది.

చప్పుడేమీ లేదు. వెలుగు ఒక్కసారిగా పోయి తెర బావిలా నల్లబడింది. అందులో నా ముఖం కనిపించింది. నా భుజం వెనక నిలబడి ఉన్న ఎస్తేరమ్మ కనిపించింది. పైన ఎర్ర చుక్కలాంటి బల్బు కనిపించింది. ఆమె కళ్ళు తెరలోంచే నన్ను చూశాయి.

"చూసినవా" అంది మెల్లగా.

రెండు క్షణాల్లో తెర మళ్ళీ వెలిగింది. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఏం చేయాలో ఆలోచిస్తుండగానే తెర ఇంకోసారి ఆరిపోయింది. ఈసారి నల్లదనంలో నా వెనక ఖాళీ కుర్చీ మాత్రమే ఉంది. అది కొద్దిగా తిరుగుతోంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. తెర మళ్ళీ వెలిగేదాకా వెనక్కి తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పటికి ఎన్నో ఇళ్ళు చూశాను. ఎన్నో మిషన్లు విప్పాను. అయినా ఆ గదిలో టీ తాగకుండానే బ్యాగు సర్దుకున్నాను. సిస్టం షాపుకి తీసుకెళ్తానని చెప్పి బయటపడ్డాను.

షాపులో ఏమీ లేదు

షాపులో దాన్ని వారం రోజులు నడిపాను. పొద్దున ఆన్ చేసి సాయంత్రం దాకా ఫోటోలు, వీడియోలు, బరువైన డిజైన్ ఫైళ్ళు ఆడించాను. తెర ఒక్కసారి కూడా ఆరలేదు. మా ఓనర్ వచ్చి, "గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్. లేదంటె వాళ్ళ భ్రమని చెప్పి ఇచ్చెయ్" అన్నాడు.

"నేను గూడ చూసిన సార్."

ఆయన నా ముఖం చూసి వెళ్ళిపోయాడు.

సిస్టం తిరిగి తీసుకెళ్ళేటప్పుడు షాపులోంచి వేరే మానిటర్, వేరే కేబుల్ కూడా పట్టుకెళ్ళాను. మట్టెవాడ ఇంట్లో పెట్టిన రోజే గ్రేస్ ఫోన్ చేసింది. షాపు నుంచి తెచ్చిన మానిటర్ కూడా ఆరిపోతోంది. అంటే మిషన్‌ది కాదు, మానిటర్‌ది కాదు, కేబుల్‌దీ కాదు. ఆ ఇంటిదే.

ఆ రోజు నాకు మంచిగా నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేదు. ఆ ఖాళీ కుర్చీ తిరగడం కళ్ళముందు నుంచి పోలేదు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోమని చిన్నవాళ్ళకు చెబుతాను. భయం వేసిన చోటికి ఇంకోసారి వెళ్ళాలి. పగటిపూట వెళ్ళాలి, పనిముట్లు బ్యాగులోనే ఉంచి, ఊరికే కూర్చుని చూడాలి.

కుర్చీ

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ప్రార్థన వేళకు ఒక మూల కూర్చున్నాను. గ్రేస్ స్టూలు మీద కూర్చుని ఒక పెళ్ళి కార్డు చేస్తోంది. ఎస్తేరమ్మ ఆ రోజు కుర్చీలో కూర్చోలేదు. నేనున్నాననో ఏమో, ఫోటో ముందు నేలమీద మోకరించింది. భర్త కోసం, బిడ్డ కోసం చాలాసేపు ప్రార్థించింది. చివరికి "ఆమెన్" అంది.

గ్రేస్ మౌస్ వదిలేసింది. ఇద్దరం తెరవైపు చూశాం.

తెర వెలుగుతూనే ఉంది.

ఎస్తేరమ్మ తల ఎత్తి తెరవైపు చూసింది. ఆమె ముఖంలో ఉపశమనం కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు. "ఇయ్యాల రాలె" అంది, బస్సు తప్పిపోయినవాళ్ళలా.

ఇవాళ మారింది ఏమిటని ఆలోచించాను. మాటలు అవే. మనిషి ఆమే. వేళ అదే. కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను. ఏమీ కాలేదు. లేచాను. తెర నల్లబడింది.

గ్రేస్ చిన్నగా కేక వేసింది. నేను మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాను. మళ్ళీ నల్లబడింది. కుర్చీ ఇనుప కాడమీద వేలు పెట్టగానే చిటుక్కుమంది. దాన్ని తోసుకుంటూ వరండా చివరిదాకా తీసుకెళ్ళి అక్కడ కూర్చుని లేచాను. "పోలే ఆంటీ, ఉన్నది" అని గ్రేస్ లోపలినుంచి అరిచింది.

చలికాలంలో సిల్కు చీర విప్పేటప్పుడు చిటపటలాడుతుంది కదా, ఆ కరెంటే ఇది. పైకీ కిందికీ జరిగే కుర్చీల కింద గ్యాస్ నింపిన ఇనుప గొట్టం ఉంటుంది. మనిషి లేవగానే సీటు మెత్త పొంగుతుంది, గొట్టం కదులుతుంది, అక్కడ పోగైన కరెంటు ఒక్కసారిగా విడుదలవుతుంది. దాని దెబ్బ దగ్గర్లో ఉన్న మానిటర్ కేబుల్‌కి తగులుతుంది. కొత్తరకం కేబుళ్ళు చాలా సున్నితం, ఆ దెబ్బకి తెరతో సంబంధం తెగి రెండు క్షణాల తర్వాత మళ్ళీ కలుస్తుంది. దేవదానం పాత మానిటర్‌ది నీలం ప్లగ్గున్న పాతరకం కేబుల్, దానికి ఈ బాధ లేదు. అందుకే ఆయన ఉన్నన్నాళ్ళూ ఇలా జరగలేదు. పాత ఇల్లు కాబట్టి ఎర్తింగ్ కూడా సరిగ్గా లేదు. ఎస్తేరమ్మ ఆమెన్ అని లేచేది. ఫోన్ వస్తే గ్రేస్ లేచేది. ఖాళీ కుర్చీ విషయం కూడా అంతేననుకుంటాను. ఆమె లేచిన తర్వాత కూడా మెత్త కొద్దికొద్దిగా పొంగుతూనే ఉండి ఉంటుంది. నూటికి నూరుపాళ్ళు అదేనని ప్రమాణం చేయలేను.

ఇదంతా ఎస్తేరమ్మకి నెమ్మదిగా చెప్పాను. ఆమె కుర్చీ లోపలికి తెప్పించుకుంది. తానే కూర్చుంది, లేచింది. తెర ఆరింది. మళ్ళీ కూర్చుంది, లేచింది.

"అయితే ఎవరు లేసినా పోతదా?"

"ఎవరు లేసినా పోతదక్కా."

"ఆయన గాదు."

"కాదక్కా."

ఆమె కుర్చీ చేతిని పట్టుకుని నిలబడిపోయింది.

దవాఖానాలో అన్న మాట

అప్పుడు గ్రేస్ అడిగింది. స్టూలు మీదనుంచి లేవకుండా, తల తిప్పకుండా అడిగింది.

"అమ్మా, నాయిన దవాఖానల నిజంగనే వద్దన్నడా?"

నేను బ్యాగు తీసుకుని బయటికి వెళ్ళబోయాను. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కతే ఆ ప్రశ్న ముందు నిలబడలేకపోయిందేమో.

"ఆయన ఏమనలే" అంది చివరికి. "ఆఖరుకు ఆయనకు మాటే లేకుండె. నీ పేరు గూడ అనలే, నా పేరు గూడ అనలే."

"మరెందుకన్నవ్?"

"గా కుర్చీల కూసొని కూసొని ఆయన నడుము, కండ్లు ఎట్ల ఖరాబైనయో నేను చూసిన. జాతరొస్తే తినకపోవు, పండకపోవు. నువ్వు గూడ గా కుర్చీలనే కూసుంటే నేను చూడలేను బిడ్డా. నేను చెప్తే నువ్వు ఇనవు. ఆయన పేరు చెప్తె ఇంటవనుకున్న." ఆమె నావైపు తిరిగింది. "నేను చెప్పింది అబద్ధం చెల్లె. చెప్పిన తెల్లారి ప్రార్థన చేసి ఆమెన్ అన్న. తెర పోయింది. గప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేను కల్పించిన మాటకు ఆయన ఔనన్నడనిపిచ్చింది. నా నోట ఆయనే అనిపిచ్చిండేమోననుకున్న. రోజూ భయపడుకుంటనే కూసునేదాన్ని. కని పొద్దుగాల లేవంగనే అదే యాదికొచ్చేది. ఇయ్యాల గూడ వస్తడా అని."

గ్రేస్ తెరవైపే చూస్తోంది. ఏడుస్తోందని వీపు చూస్తే తెలుస్తోంది.

"నీకు ఇష్టం లేదని నాతోటి చెప్తె అయిపోవు గదమ్మా."

"చెప్తె ఆగుదువా?"

"ఆగకపోదును" అంది గ్రేస్. "కని ఇంట్ల గింత భయపడకపోదును. రాత్రి పూట గీ గదిలకొచ్చుడే బందుజేసిన. మా నాయిన గదిలకు!"

ఆ మాటకి ఎస్తేరమ్మ అక్కడే నేలమీద కూలబడింది. గ్రేస్ స్టూలు దిగి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. నేను మెల్లగా బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. లోపాన్ని కనిపెట్టాక సంతోషంగా ఉండాలి. నాకు మాత్రం ఆ ఇంట్లోంచి ఎవరినో రెండోసారి పంపించి వస్తున్నట్టే ఉంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చేయించాను. కేబుల్ మందమైనది వేశాను. గ్రేస్ కట్టె కుర్చీ కొనుక్కుంది. గంటకోసారి లేచి నడవాలని తల్లి షరతు పెట్టింది, ఈ పిల్ల ఒప్పుకుంది. ఆ పెళ్ళిళ్ళ సీజన్‌లో నర్సంపేట నుంచి కూడా కార్డుల పని వచ్చిందని విన్నాను. తెర మళ్ళీ ఆరలేదు. చక్రాల కుర్చీని మాత్రం ఎస్తేరమ్మ పారేయనివ్వలేదు. తన గదిలో పెట్టించుకుంది.

లోపలి గది

ఆ తర్వాత వానాకాలంలో గ్రేస్ ప్రింటర్ చూడమని పిలిస్తే వెళ్ళాను. అప్పటికి నేను రిటైర్ అవడానికి కొద్ది రోజులే ఉంది. పని అయ్యాక ఎస్తేరమ్మ నన్ను లోపలి గదికి పిలిచింది. కిటికీ పక్కన ఆ కుర్చీ ఉంది. దాని పక్కన ఒక పీట.

"జర ఇది చూడు చెల్లె."

ఆమె కుర్చీ కిందున్న లివర్ పట్టుకుని సీటును పైదాకా లేపి వదిలేసింది. మేమిద్దరం వెనక్కి జరిగాం. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా ఊపిరి వదిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఖాళీ సీటు కిందికి దిగడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా దిగుతోంది, అలసిపోయిన మనిషి చేతులు ఆనించి జాగ్రత్తగా కూర్చుంటున్నట్టు.

నా వీపు చల్లబడింది. కారణం నాకు తెలుసు. తెలిసినా చల్లబడింది.

"గొట్టంల గ్యాస్ అయిపోయిందక్కా" అన్నాను.

"తెలుసు చెల్లె. నువ్వు గదే చెప్తవని తెలుసు." ఆమె పీట మీద కూర్చుని కుర్చీ చేతి మీద తన చెయ్యి పెట్టింది. "అందుకే ఎందుకైతాందని అడగలే. చూడుమన్న, అంతే."

మంచం అంచున కూర్చుని, ఆ సీటు పూర్తిగా కిందికి దిగేదాకా ఆమెతో పాటు చూశాను.